కొండచిలువ మింగింది మేకపిల్లనా, దుప్పి పిల్లనా? – ప్రాజెక్టు డైరీ

మొదటి రోజు, రాత్రి

తొమ్మిదిన్నరకు వాట్సాప్‌లో ఒక వీడియో వచ్చింది. పంపింది మా కాలేజీలో బైపీసీ సెకండియర్ చదివే అమ్మాయి. వాళ్ళ ఊరు అచ్చంపేట వైపు, అమ్రాబాద్ అడవి అంచున ఉంటుంది. చెరువు తూము పక్కన తుమ్మచెట్ల కింద ఒక కొండచిలువ ఏదో జంతువును మింగుతోంది. తల, ముందుకాళ్ళు, రొమ్ము అప్పటికే లోపలికి వెళ్ళిపోయాయి. బయట నడుము, రెండు వెనక కాళ్ళు మాత్రం ఉన్నాయి. చుట్టూ టార్చిలైట్లు, ఒకటే అరుపులు.

కింద ఆ అమ్మాయి ఇలా రాసింది: "సార్, అందరూ దుప్పి పిల్ల అంటున్నారు. మా పక్కింటి తాతేమో అది తన మేకపిల్లే అంటున్నాడు. అది ఏ జంతువో చెప్పగలరా?"

జవాబు రాయకుండా ముందు ఫోన్ చేశాను. అందరినీ వెనక్కి జరగమని, లైట్లు ఆర్పమని చెప్పాను. మింగేటప్పుడు గానీ, మింగిన కొత్తలో గానీ బెదిరితే కొండచిలువ తిన్నదంతా కక్కేస్తుంది. బరువైన పొట్టతో పారిపోలేదు కాబట్టి ముందు ఆ బరువు దించుకుంటుంది. అప్పుడు చచ్చిన జంతువు ఎవరికీ పనికి రాదు, పాముకు తిండీ దక్కదు.

తర్వాత అటవీ శాఖ బీట్ ఆఫీసర్ అన్నకు చెప్పాను. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కొండచిలువ మొదటి షెడ్యూల్‌లో ఉంది. దాన్ని చంపితే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు. కానీ మేకపిల్ల పోయిన మనిషికి ఆ రాత్రి చెప్పాల్సిన మాట అది కాదనిపించి, తాతకు ఆ సంగతి చెప్పొద్దని అమ్మాయితో అన్నాను.

రెండో రోజు

వీడియోను కంప్యూటర్‌లో వీఎల్‌సీలో పెట్టి ఒక్కో ఫ్రేమూ ఆపి చూశాను. నిమిషం పన్నెండు సెకన్ల వీడియోలో పనికొచ్చేది పది సెకన్లు కూడా లేదు.

గిట్టలు కనబడుతున్నాయి. రెండుగా చీలిన గిట్టలు, వాటి పైన వెనకవైపు చిన్న గిట్టలు. అంటే కుక్క, పిల్లి, కుందేలు, కొండముచ్చు అన్నీ తప్పుకున్నట్టే. ఇక ముఖ్యంగా అనుమానించాల్సినవి మేక, గొర్రె, దుప్పి, అడవిపంది పిల్ల. పంది కాళ్ళు అంత సన్నగా ఉండవు. మూషిక జింక కూడా ఈ అడవుల్లో ఉంది గానీ, కనబడుతున్న కాళ్ళు దానివి కావడానికి మరీ పెద్దవి.

తోక సరిగా కనబడి ఉంటే ఈరోజే సగం పని అయిపోయేది. దుప్పికి తోక పొడవు, కింది వైపు తెల్లగా ఉంటుంది. మేక తోక పొట్టిది, పైకి లేచి ఉంటుంది. కానీ జంతువు ఆ పక్కకే పడి ఉంది, తోక నేలకూ తొడకూ మధ్య ఇరుక్కుపోయింది.

రంగు ఎర్రమట్టి లాంటి గోధుమ రంగు. తొడ మీద మూడు తెల్లటి చుక్కలు. వాటిని చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. దుప్పి పిల్లే అని నోట్సులో పెద్ద అక్షరాలతో రాసి కింద గీత కూడా గీశాను.

ఊళ్ళో వాళ్ళంతా పామును ఇరవై అడుగులు అంటున్నారట. వీడియోలో పాముకు పక్కనే ఒక బైకు నిలబెట్టి ఉంది. దాని రెండు చక్రాల మధ్య దూరం కొలుచుకుని, దాంతో పామును ముక్కలు ముక్కలుగా లెక్కేస్తే పది పదకొండు అడుగులు వచ్చింది. మన దగ్గర పెద్ద కొండచిలువలు ఎక్కువగా అంతే ఉంటాయి. ఇరవై అడుగులదైతే మేకపిల్లతో ఆగేది కాదు.

మూడో రోజు

ఉదయం బస్సెక్కి ఊరికి వెళ్ళాను. బీట్ ఆఫీసర్ అన్న కూడా వచ్చాడు. తూము పక్కన పాత సిమెంటు పైపులో పాము చుట్టుకుని పడుకుని ఉంది. నడుము దగ్గర బిందె మింగినట్టు ఉబ్బు. దూరం నుంచే చూసి వచ్చేశాం.

తాత ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. డెబ్బై దాటి ఉంటాడు. మేకలు ఇరవైకి పైన, గొర్రెలు కొన్ని. నేను వీడియో గురించి చెప్పి, చుక్కలు చూపించి, అది దుప్పి పిల్ల అయి ఉండొచ్చన్నాను. ఆయన ఫోన్ చేతిలోకి కూడా తీసుకోలేదు.

"గది నా మేకపిల్లనే సారూ. నెలన్నర పిల్ల. పొద్దుగూకేటప్పుడు తల్లితోనే ఉండె. నా మందల పిల్లను నేను గుర్తువట్టనా?"

"చీకట్లో, అంత దూరం నుంచి..." అని నేను ఏదో అనబోయాను.

"నువ్వు సూసింది ఫోన్ల. నేను సూసింది కండ్లతోని."

అక్కడున్న యువకులు మాత్రం, "తాతా, దుప్పి పిల్లనే అది, నీ పిల్ల ఏడనో తప్పిపోయుంటది" అంటూనే ఉన్నారు. ఆయన ఇంకేమీ మాట్లాడలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అదే గుర్తొచ్చింది. అది దుప్పి కావాలని నేను కోరుకుంటున్నాను. దుప్పి అయితే ఎవరికీ నష్టం లేదు, పాము మీద ఎవరికీ కోపం ఉండదు. కానీ నా కోరికకూ, ఆ జంతువు ఏదన్నదానికీ సంబంధం లేదు.

నోట్సులో గీత గీసిన వాక్యాన్ని కొట్టేసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. ఈ పనిని ప్రాజెక్టుగా మొదలుపెట్టింది నిజానికి ఇక్కడి నుంచే.

నాలుగో రోజు

వాట్సాప్ వీడియో అంటే నలిగిపోయిన వీడియో. పంపేటప్పుడే అది బొమ్మను కుదించేస్తుంది, చిన్న చిన్న వివరాలన్నీ అలుక్కుపోతాయి. అసలు ఫైలు కావాలని, దాన్ని డాక్యుమెంట్‌గా పంపమని అమ్మాయికి చెప్పాను. తీసిన అబ్బాయి ఫోన్‌లో అదృష్టవశాత్తూ ఇంకా ఉంది.

అసలు ఫైలులో మూడు చుక్కలు చుక్కలు కావు. అదొక తెల్లమచ్చ, అంచులు చిరుగుబట్టలా ఉన్నాయి. తడిసిన వెంట్రుకలు పాయలు పాయలుగా అతుక్కుపోయి, ఆ పాయల మధ్య నుంచి గోధుమ రంగు కనబడుతోంది. కుదించిన వీడియోలో అదే మూడు చుక్కలైంది. దుప్పి చుక్కలు వరుసల్లో ఉంటాయి, ఒక్కొక్కటి విడివిడిగా ఉంటాయి. ఇది అలా లేదు.

అయినా ఒక మచ్చను పట్టుకుని తేల్చేయలేను. తడి, రాత్రి, టార్చి వెలుగు, మూడూ మోసం చేసేవే. పాము వదిలే మలం కోసం ఎదురుచూడటం ఒక్కటే దారి. పాము కడుపులోని ఆమ్లం మాంసాన్నీ ఎముకల్నీ కరిగిస్తుంది. వెంట్రుకలు, గిట్టలు, గోళ్ళు, ఈకలు కెరాటిన్ అనే గట్టి ప్రొటీన్‌తో తయారైనవి. వాటిని అరిగించుకోలేక బయటికి పంపేస్తుంది.

ఇలా మిగిలిన వెంట్రుకలు, ఈకలు చూసి జంతువును గుర్తుపట్టే దారిలో చాలా పెద్ద పనులే జరిగాయి. 1960 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్‌లో ఒక విమానం పైకి లేచిన వెంటనే కూలి 62 మంది చనిపోయారు. ఇంజిన్లలో దొరికిన ఈక ముక్కలను చూసి అవి స్టార్లింగ్ పిట్టలవని గుర్తుపట్టింది స్మిత్సోనియన్ మ్యూజియంలో పనిచేసిన రాక్సీ లేబోర్న్. అదే మ్యూజియంలో కార్లా డవ్ బృందం, ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్‌లో పట్టుకున్న బర్మా కొండచిలువల కడుపుల్లోని ఈకలు చూసి 25 జాతుల పక్షులను గుర్తించింది. ఆ ఫలితాలు 2011లో వచ్చాయి. అక్కడ ఆ పాములు బయటి నుంచి వచ్చి చేరినవి. మన దగ్గర కొండచిలువ ఈ నేలదే. అందుకే ఇక్కడ ప్రశ్న వేరు. అక్కడ పాములను ఎలా తగ్గించాలో చూస్తున్నారు, ఇక్కడ పామూ తాతా ఒకే చెరువు గట్టు మీద బతకాలి.

ఐదు నుంచి పద్దెనిమిదో రోజు వరకు

ఎదురుచూడటమే. బీట్ ఆఫీసర్ అన్న వాచర్‌ను రోజుకు రెండుసార్లు పైపు వైపు వెళ్ళి రమ్మన్నాడు. పాము కదల్లేదు.

బయటికి కదలకుండా ఉన్నా లోపల మాత్రం పెద్ద పని జరుగుతూ ఉంటుంది. 2005లో వచ్చిన ఒక అధ్యయనంలో బర్మా కొండచిలువ తిన్న రెండు రోజుల్లోనే గుండె జఠరికల (రక్తాన్ని బయటికి నెట్టే గదుల) కండ 40 శాతం పెరిగింది. పేగు, కాలేయం కూడా అలాగే ఉబ్బి, పని అయిపోయాక మళ్ళీ తగ్గుతాయి. మా పాము కూడా దానికి దగ్గరి చుట్టమే.

ఈలోపు పోల్చి చూసుకోవడానికి తెలిసిన వెంట్రుకలు సేకరించాను. ఈ పని చేయకుండా మైక్రోస్కోపు ముందు కూర్చుంటే ప్రయోజనం లేదు. పుస్తకంలోని బొమ్మ ఏ దేశపు మేకదో, మన మేక వెంట్రుక అలాగే ఉంటుందన్న నమ్మకం ఏముంది?

మేక వెంట్రుకలు తాతనే అడిగాను. కోపం ఉన్నా కాదనలేదు. తప్పిపోయిన పిల్ల తల్లి మేకవి, దాని ఈడు పిల్లలు రెండింటివి, వీపు, పొట్ట, తొడ మీద నుంచి విడివిడిగా కత్తిరించి, ఒక్కో కాగితపు పొట్లం మీద పెన్సిల్‌తో రాసుకున్నాను. ప్లాస్టిక్ కవర్లలో పెట్టకూడదు, చెమ్మ పట్టి బూజు వస్తుంది.

దుప్పి వెంట్రుకలు మాత్రం కష్టమైంది. చివరికి బేస్ క్యాంపు ముళ్ళకంచె తీగలకు చిక్కుకున్నవి బీట్ ఆఫీసర్ అన్నే తీసి, తన రికార్డులో రాసి, నాకు చూడటానికి ఇచ్చాడు. అవి పెద్ద దుప్పివి, పిల్లవి కావు. ఆ తేడా గుర్తుపెట్టుకోవాలి.

పంతొమ్మిదో రోజు

పాము వెళ్ళిపోయింది. పైపు బయట రెండు గజాల దూరంలో మలం దొరికింది. వాచర్ ఫోన్ చేసిన రెండు గంటల్లో అక్కడున్నాం. పిడికెడంత ముద్దలు నాలుగు, పక్కన సున్నం లాంటి తెల్లటి పదార్థం. ఆ తెల్లది యూరిక్ ఆమ్లం, పాముల మూత్రం అలాగే గట్టిగా వస్తుంది. ముద్దలు పూర్తిగా వెంట్రుకలే, తాడు పేనినట్టు మెలితిరిగి ఉన్నాయి.

గ్లవ్స్, మాస్కు వేసుకున్నాం. పాముల మలంలో సాల్మొనెల్లా అనే జబ్బు తెచ్చే బ్యాక్టీరియా ఉండొచ్చు. అన్న పంచనామా కాగితం మీద సంతకం పెట్టించుకుని రెండు ముద్దలు కాలేజీకి తీసుకెళ్ళనిచ్చాడు.

ఇరవై, ఇరవై ఒకటి

మొదటి ముద్దను గోరువెచ్చని నీళ్ళలో సర్ఫ్ కలిపి రాత్రంతా నానబెట్టాను. పొద్దున టీ వడపోతలో వేసి కుళాయి కింద మెల్లగా కడిగితే వాసన చాలావరకు పోయింది. వడపోతలో మూడు గట్టి ముక్కలు మిగిలాయి. మొదట చింతగింజల పొట్టు అనుకున్నాను. గిట్టల పై తొడుగులు! చూపుడువేలి గోరంత ఉన్నాయి, నల్లగా, లోపల బోలుగా, ఒక అంచు మెత్తబడి ఉంది. నాలుగు కాళ్ళకు కలిపి పెద్ద గిట్టలు ఎనిమిది ఉండాలి. దొరికినవి మూడు. అంతే చాలు.

వెంట్రుకలను న్యూస్‌పేపర్ మీద ఆరబెట్టి, జిడ్డు పోవడానికి స్పిరిట్‌లో ఒక రోజు ఉంచాను. ఆ అమ్మాయి కాలేజీ అయిపోయాక కూర్చుని, పట్టకారుతో రంగును బట్టి వేరు చేసింది. గోధుమవి ఎక్కువ, తెల్లవి కొన్ని. ఇవి కాక పొట్టిగా, బూడిద రంగులో సన్నటి వెంట్రుకలు ఒక చిటికెడు. వీటిని వేరే పొట్లంలో పెట్టాం.

ఇరవై రెండో రోజు

వెంట్రుకను పెన్సిల్ అనుకుంటే, నడిమధ్య ములుకు ఉన్న చోట ఉండేది బెండు, దాన్ని మెడుల్లా అంటారు. చుట్టూ చెక్క ఉన్న చోట కార్టెక్స్. పైన రంగు పూతలా పొలుసులు. జంతువును బట్టి ఈ మూడూ మారతాయి.

పొలుసుల కోసం స్లైడు మీద రంగులేని నెయిల్ పాలిష్ పల్చగా పూసి, సగం ఆరాక వెంట్రుకను దాని మీద పరిచి, పూర్తిగా ఆరాక లాగేశాను. వెంట్రుక పోయి దాని అచ్చు మిగులుతుంది. అచ్చులు బాగానే పడ్డాయి గానీ మేకవీ దుప్పివీ నా కళ్ళకు ఒకేలా కనబడ్డాయి. ఒక సాయంత్రం మొత్తం దీనికే పోయింది.

బెండు దగ్గర మాత్రం తేడా స్పష్టంగా ఉంది. వెంట్రుకలను చిన్న ముక్కలుగా కత్తిరించి, లిక్విడ్ పారఫిన్‌లో నానబెట్టి, లోపలి గాలి పోయాక చూడాలి. లేకపోతే బెండు నల్లటి గీతలా కనబడుతుంది, లోపల ఏముందో తెలియదు.

ముందు కంచె మీది దుప్పి వెంట్రుక పెట్టాను. అంచు నుంచి అంచు దాకా బెండే. తేనెపట్టు గదుల్లా మూలలు తేలిన కణాలు కిక్కిరిసి ఉన్నాయి. కార్టెక్స్ రెండు పక్కలా సన్నటి గీత మాత్రమే. జింక జాతుల వెంట్రుక ఇలాగే ఉంటుంది, లోపలంతా గాలి గదులే. అందుకే చేత్తో వంచితే అది తాటాకు ఈనెలా మడత పడిపోతుంది, మళ్ళీ నిటారుగా కాదు.

తర్వాత తాత మంద పిల్ల వెంట్రుక. నడుమ బెండు ఉంది, కానీ వెడల్పులో సగానికి కాస్త ఎక్కువ, అంతే. రెండు పక్కలా కార్టెక్స్ మందంగా, నున్నగా ఉంది. వంచి వదిలితే తిరిగి నిటారుగా లేస్తుంది.

ఆ తర్వాత పాము మలంలోని గోధుమ వెంట్రుక పెట్టాను. ఫోకస్ చక్రం తిప్పుతున్నప్పుడు చేయి కాస్త వణికింది. రెండు పక్కలా మందమైన కార్టెక్స్, నడుమ బెండు. తేనెపట్టు లేదు. ఇంకో వెంట్రుక, ఇంకోటి. ముప్పై వెంట్రుకలు చూశాను, తెల్లవాటితో కలిపి. ఒక్కటి కూడా దుప్పిలా లేదు.

ఇక్కడే ఒక సందేహం వదల్లేదు. నా దగ్గరున్నది పెద్ద దుప్పి వెంట్రుక. పిల్ల దుప్పి వెంట్రుక ఇంకా సన్నగా, మెత్తగా ఉంటుంది, దాని బెండు కూడా సన్నగా ఉంటేనో? అందుకే గిట్టల దగ్గరికి వెళ్ళాను.

ఇరవై మూడో రోజు

మళ్ళీ ఊరికి. తాత మందలో పోయిన పిల్ల ఈడు పిల్లను పట్టుకుని, దాని కాళ్ళను మెత్తటి చెరువు మట్టిలో నొక్కి అచ్చు తీశాను. పాము మలంలో దొరికిన తొడుగును ఆ అచ్చులో పెడితే దాదాపు అమిరిపోయింది. ముందు కొన మొద్దుగా, లోపలి అంచు నిటారుగా ఉంది. దుప్పి గిట్ట కొన సన్నగా, సూదిగా పోతుంది. బీట్ ఆఫీసర్ అన్న ఫోన్‌లో తూము దగ్గరే తీసిన దుప్పి అడుగుల ఫొటోలు ఉన్నాయి, పిల్ల అడుగులు కూడా. వాటిలో ఏదీ ఇలా మొద్దుగా లేదు.

వెంట్రుక, గిట్ట, అసలు వీడియోలోని మచ్చ. మూడూ ఒకే వైపు చెబుతున్నాయి. హైదరాబాద్ అత్తాపూర్‌లోని లాకోన్స్ (వన్యప్రాణుల మీద పరిశోధన చేసే సంస్థ) లాంటి చోట డీఎన్‌ఏ చూస్తే ఇంకా గట్టిగా చెప్పొచ్చు. కానీ ఈ మలంలో పాము కణాలు కూడా కలిసి ఉంటాయి, వాటిని విడదీసి చూడాలి. ఒక మేకపిల్ల కోసం అంత అవసరం లేదనిపించింది. నాకు అనుమానం తీరింది.

అరుగు మీద కూర్చుని తాతకు చెప్పాను, ఊళ్ళో పిల్లలంతా వినేలా: "తాతా, నువ్వు చెప్పిందే నిజం. అది నీ మేకపిల్లే. నేనే తప్పు చెప్పాను."

ఆయన చాలాసేపు గిట్ట తొడుగును అరచేతిలో పెట్టుకుని చూశాడు. తర్వాత అడిగిన ప్రశ్న నేను ఊహించలేదు.

"పాణం పోయేటప్పుడు చానాసేపు తన్లాడి ఉంటదా సారూ?"

కొండచిలువ చుట్టి నొక్కితే ఊపిరాడక చనిపోతాయని చాలాకాలం అనుకున్నారని, 2015లో బోవా అనే మరో జాతి పాములతో, ఎలుకల మీద కొలిచి చూస్తే కొన్ని సెకన్లలోనే రక్తం తిరగడం పడిపోయిందని చెప్పాను. రక్తం ఆగితే ముందు స్పృహ పోతుంది. మేకపిల్ల ఎలుక కాదు, అయినా చాలాసేపు పట్టి ఉండదనే నేను నమ్ముతున్నానని చెప్పాను. ఆయన తల ఊపాడు.

ఇరవై ఆరో రోజు

మేకల దొడ్డి చెరువు వైపు అంచున కంప వేసి ఉంది. కంపలో నుంచి కొండచిలువ సులువుగా దూరుతుంది. తాత మనవళ్ళు, బీట్ ఆఫీసర్ అన్న కలిసి ఆ పక్క ఐదడుగుల ఎత్తు సన్నకన్ను జాలీ కట్టారు, కింది అంచు జానెడు లోతు మట్టిలో పూడ్చారు. పిల్లలను రాత్రుళ్ళు మళ్ళీ వెదురు గంపల కిందే పెడుతున్నారు. మిగతావి గంప కిందే ఉండగా, ఆ ఒక్క పిల్ల తల్లి దగ్గర పాలు తాగుతోందని ఆ రాత్రి వదిలేశారట.

పాము పైపు వదిలి గుట్ట వైపు వెళ్ళిన జాడ వాచర్ చూశాడు. దాన్ని వెతుక్కుంటూ కర్రతో ఎవరూ వెళ్ళలేదు.

ఇరవై తొమ్మిదో రోజు

అచ్చంపేటలో మనవరాలి పని మీద వచ్చిన తాత కాలేజీకి కూడా వచ్చాడు. నడుచుకుంటూ మెట్లెక్కి ల్యాబ్‌లోకి వచ్చి, "నా మేక ఎంటికె సూపియ్యి" అన్నాడు. స్టూలు మీద కూర్చోబెట్టి, ఒక కన్ను మూసుకోమని చెప్పి, ముందు దుప్పిది, తర్వాత మేకది చూపించాను. రెండోసారి తనే చక్రం తిప్పాడు. తేనెపట్టు దుప్పిదని నేను చెప్పకముందే చెప్పాడు.

బల్ల మీద ఆ బూడిద రంగు వెంట్రుకల పొట్లం ఉంది. అదేమిటని అడిగాడు. మేకపిల్లతో పాటు మలంలో వచ్చినవి, అంతకుముందెప్పుడో తిన్న జంతువువి అయి ఉంటాయని చెప్పాను. ఆ పొద్దునే ఒకటి స్లైడు మీద పెట్టి చూశాను, బెండు నిచ్చెన మెట్లలా అడ్డంగా తెగి ఉంది. ఎలుక జాతి అనుకుంటున్నాను, కానీ పోల్చడానికి ఒక్క వెంట్రుక కూడా నా దగ్గర లేదు.

"పందికొక్కు ఎంటికెలు గావాల్నా?" అన్నాడు తాత. "మా వడ్ల కల్లం కాడ బొయ్యారాలున్నయ్. సచ్చినయి దొరుకుతనే ఉంటయ్. ఎన్ని గావాలె?"

వీపువి, పొట్టవి వేరువేరుగా కావాలని చెప్పి, నాలుగు కాగితపు పొట్లాలు, పెన్సిలు, ఒక జత గ్లవ్స్ ఇచ్చి పంపించాను.